విండోస్ మళ్ళీ ఎక్కించాలి, కానీ ఫైళ్ళు పోకూడదు. ఏం చేయాలి?

ప్రశ్న (తణుకు నుంచి)

అందరికీ నమస్కారం. తణుకులో నాకు చిన్న డీటీపీ షాపు ఉంది. పెళ్ళి కార్డులు, కరపత్రాలు, బిల్లు బుక్కులు చేస్తాం. షాపు ల్యాప్‌టాప్‌లో విండోస్ 10. దాని బ్యాటరీ ఎప్పుడో పోయింది, ఛార్జర్ మీదే నడిపిస్తున్నాం. నిన్న పనిలో ఉండగా కరెంటు పోయింది. వచ్చాక ఆన్ చేస్తే ‘ప్రిపేరింగ్ ఆటోమేటిక్ రిపేర్’ అని వచ్చి, నీలం తెర పడి, తిరిగి తిరిగి అక్కడికే వస్తోంది. రిపేరు షాపులో చూపిస్తే ‘ఫార్మాట్ కొట్టాల్సిందే, డేటాకి మాది గ్యారంటీ కాదు’ అన్నారు. తీసుకుని వచ్చేశాను.

అందులో పేజ్‌మేకర్ ఫైళ్ళు, అను ఫాంట్లు, మా బావగారి రైసు మిల్లు ట్యాలీ లెక్కలు, పిల్లల ఫోటోలు ఉన్నాయి. కొన్ని డీ డ్రైవ్‌లో, ఎక్కువ భాగం డెస్క్‌టాప్ మీద. ఆ నీలం తెర మీద ‘రీసెట్ దిస్ పీసీ’లోకి వెళ్తే ‘కీప్ మై ఫైల్స్’ అని కనిపిస్తోంది. నొక్కొచ్చా? ముహూర్తాల సీజను, చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు 1

నొక్కేయండి సార్. మా ఇంట్లో చేశాం, ఏమీ పోలేదు.

జవాబు 2

దయచేసి ఇప్పుడే నొక్కకండి. పై సభ్యుడికి ఏమీ పోలేదంటే నమ్ముతాను, ఇంట్లో వాడే ల్యాప్‌టాప్‌కి చాలాసార్లు అలాగే సరిపోతుంది. మీది షాపు మెషీను, లెక్క వేరు.

‘కీప్ మై ఫైల్స్’ కాపాడేది ముఖ్యంగా సి డ్రైవ్‌లో ‘యూజర్స్’ ఫోల్డర్‌లో మీ పేరు కింద ఉన్నవాటిని. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్, డౌన్‌లోడ్స్ అందులోకే వస్తాయి. మీరు ఎక్కించుకున్న ప్రోగ్రాములన్నీ పోతాయి. పేజ్‌మేకర్ పోతుంది, అను పోతుంది, ట్యాలీ పోతుంది, ప్రింటర్ డ్రైవర్ పోతుంది. ఫాంట్లు ఉండేది విండోస్ ఫోల్డర్ లోపల కాబట్టి అవీ పోతాయి. ట్యాలీ ఈఆర్పీ 9 లాంటి పాత వెర్షన్లలో డేటా చాలాచోట్ల సి డ్రైవ్‌లో ట్యాలీ ఫోల్డర్‌లోనే ఉంటుంది. అది మీ పేరున్న ఫోల్డర్ కాదు, కాబట్టి రీసెట్ ఇచ్చే హామీ దానికి వర్తిస్తుందని అనుకోవద్దు.

ఇంకోటి. రీసెట్ జరుగుతున్నంతసేపూ డిస్కు మీద బోలెడంత రాత పని నడుస్తుంది. మీ ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ లేదు. సగంలో కరెంటు పోతే ఇప్పటికన్నా పెద్ద చిక్కులో పడతారు. ఇప్పటికి విండోస్ లేవడం లేదంతే, మీ ఫైళ్ళు చాలావరకు ఉన్నచోటే ఉండి ఉంటాయి. కాబట్టి ముందు ఫైళ్ళు బయటికి తీయండి, ఆ తర్వాతే విండోస్ సంగతి. ఏ పని చేసినా ఇన్వర్టర్ లైను మీద పెట్టుకుని చేయండి.

విండోస్ లేవకపోయినా ఫైళ్ళు తీయొచ్చు. ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు తగిలించండి. అదే నీలం తెరలో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, కమాండ్ ప్రాంప్ట్. అకౌంట్ పాస్‌వర్డ్ అడిగితే ఇవ్వండి. నల్ల తెర వస్తుంది. అక్కడ ఇంగ్లీషులో నోట్‌ప్యాడ్ అని టైప్ చేసి ఎంటర్ కొట్టండి. మామూలు నోట్‌ప్యాడే తెరుచుకుంటుంది. ఫైల్ మెనూలో ఓపెన్ నొక్కండి. కింద ‘టెక్స్ట్ డాక్యుమెంట్స్’ అని ఉన్నచోట ‘ఆల్ ఫైల్స్’గా మార్చండి, లేకపోతే మీ ఫైళ్ళేవీ కనిపించవు. ఇక ఎడమవైపు ‘దిస్ పీసీ’ నొక్కితే డ్రైవులన్నీ వస్తాయి. ఆ చిన్న పెట్టెలోనే ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి కాపీ, ఎక్స్‌టర్నల్ డిస్కులోకి వెళ్ళి పేస్ట్.

ఇక్కడ రెండు విషయాలు కంగారు పెడతాయి. ఒకటి, డ్రైవుల అక్షరాలు మారిపోతాయి. మీ సి డ్రైవ్ డి గానో ఈ గానో కనిపించొచ్చు. అక్షరం చూడకండి, లోపల ‘యూజర్స్’, ‘విండోస్’ ఫోల్డర్లు ఉన్నాయో లేదో, మీ సామాను ఉందో లేదో చూడండి. రెండోది, పేస్ట్ చేశాక ఎంత శాతం అయిందో చూపించే గీత రాదు. పెట్టె బిగుసుకుపోయినట్టు ఉంటుంది. ఎక్స్‌టర్నల్ డిస్కు లైటు మిణుకుతూ ఉంటే పని జరుగుతున్నట్టే, వదిలేయండి. పెద్ద ఫోల్డర్లు ఒక్కసారిగా కాకుండా ఒక్కొక్కటిగా తీసుకోండి.

డిస్కు నుంచి టిక్ టిక్‌మని శబ్దం వస్తున్నా, ఫోల్డర్ తెరవడానికే నిమిషాలు పడుతున్నా ఇవేవీ చేయకుండా ఆపేయండి. అలాంటి డిస్కు మీద ‘చెక్ డిస్క్’ (డిస్కులో తప్పులు వెతికి సరిచేసే విండోస్ పనిముట్టు) అసలు నడపొద్దు. చచ్చేలా ఉన్న డిస్కుని ఆ కాస్త చాకిరీ కూడా చంపేయొచ్చు. డేటా రికవరీ చేసేవాళ్ళ దగ్గరికి పంపడమే దారి.

జవాబు 3 (హైదరాబాద్)

అన్న చెప్పిన నోట్‌ప్యాడ్ పద్ధతి బాగుంటుంది. దానికి తోడు ఇంకో దారి: ఉబుంటు అని విండోస్ లాంటిదే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఉంది. వేరే కంప్యూటర్లో దాని పెన్‌డ్రైవ్ చేసుకుని, ల్యాప్‌టాప్‌ని ఆ పెన్‌డ్రైవ్ నుంచే ఆన్ (బూట్) చేయండి. ‘ట్రై ఉబుంటు’ నొక్కితే ఏమీ ఇన్‌స్టాల్ అవకుండానే డెస్క్‌టాప్ వస్తుంది. ఫైళ్ళు మామూలుగా కాపీ చేసుకోవచ్చు, ఎంతవరకు వచ్చిందో కనిపిస్తుంది కూడా. పొరపాటున ‘ఇన్‌స్టాల్’ వైపు మాత్రం వెళ్ళొద్దు. ఒక్కోసారి విండోస్ డ్రైవ్ చదవడానికి మాత్రమే తెరుచుకుంటుంది. కంగారు పడకండి, మనకి కావలసింది చదవడమే.

తణుకు నుంచి

అన్నా, నోట్‌ప్యాడ్ తెరుచుకుంది! డీ డ్రైవ్‌లోవి కాపీ అయ్యాయి. కానీ సి డ్రైవ్‌లో యూజర్స్‌లో నా పేరున్న ఫోల్డర్‌లోకి వెళ్తే డెస్క్‌టాప్ ఖాళీగా ఉంది. కార్డుల డిజైన్లన్నీ అక్కడే ఉండాలి. చేతులు ఆడటం లేదు.

జవాబు 2

పోయి ఉండవు. అదే మీ పేరు ఫోల్డర్‌లో ‘వన్‌డ్రైవ్’ (నెట్‌లో ఫైళ్ళు దాచే మైక్రోసాఫ్ట్ సేవ) అని ఇంకో ఫోల్డర్ ఉంటుంది, దాని లోపల ‘డెస్క్‌టాప్’ చూడండి. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయినప్పుడు ‘మీ ఫోల్డర్లు బ్యాకప్ చేయమంటారా’ అని అడుగుతుంది. సరే అంటే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ మూడూ వన్‌డ్రైవ్ కిందికి వెళ్ళిపోతాయి. వాడేటప్పుడు తేడా తెలియదు, ఇలాంటప్పుడే తెలుస్తుంది.

అందులోనూ ఒక మెలిక ఉంది. కొన్ని ఫైళ్ళ పేరు మాత్రమే ల్యాప్‌టాప్‌లో ఉండి, అసలు ఫైలు క్లౌడ్‌లో, అంటే నెట్‌లో మైక్రోసాఫ్ట్ దగ్గర ఉంటుంది. వాటిని ఇక్కడి నుంచి కాపీ చేయబోతే ఎర్రర్ ఇస్తుంది. ఫోన్‌లో అదే అకౌంట్‌తో వన్‌డ్రైవ్ తెరిచి అక్కడ ఉన్నాయో లేదో చూసుకోండి. ఉచితంగా ఇచ్చేది 5 జీబీ మాత్రమే. అది నిండిపోతే ఆ తర్వాత చేసినవి పైకి వెళ్ళకుండా ల్యాప్‌టాప్‌లోనే ఉండిపోతాయి. అందుకే రెండు చోట్లా చూడాలి.

తణుకు నుంచి

దొరికాయి! వన్‌డ్రైవ్ లోపలే ఉన్నాయి అన్నా. ఇప్పుడు కాపీ అవుతున్నాయి. ఫాంట్లు, ట్యాలీ ఎలా తీయాలి?

జవాబు 2

ఫాంట్ల దగ్గర జాగ్రత్తగా ఉండండి, డీటీపీ వాళ్ళకి ఎక్కువ దెబ్బ తగిలేది ఇక్కడే. అను ఫాంట్లు యూనికోడ్ కావు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ఆకారాలు కూర్చి చేసినవి. ఫాంటు లేకుండా పాత పేజ్‌మేకర్ ఫైలు తెరిస్తే ‘శుభలేఖ’ ఉండాల్సిన చోట పిచ్చి ఇంగ్లీషు గుర్తులు కనిపిస్తాయి. ఫైలు చెడిపోయిందనుకుని తీసేసేవాళ్ళు ఉన్నారు. ఫాంటు వేస్తే మళ్ళీ తెలుగే.

విండోస్ ఫోల్డర్‌లో ‘ఫాంట్స్’ని తెరవకుండా ఫోల్డర్ మొత్తాన్నే కాపీ చేయండి. తర్వాత కొత్త విండోస్‌లో మీకు కావలసినవి మాత్రం ఎంచి ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు. అను, పేజ్‌మేకర్ సెటప్పులు, వాటి లైసెన్సు వివరాలు ఎక్కడున్నాయో ఇవాళే వెతికి పెట్టుకోండి. ప్రోగ్రాము ఫోల్డర్‌ని కాపీ చేసి కొత్త విండోస్‌లో పడేస్తే నడవదు, సెటప్ నుంచే ఎక్కించాలి.

ట్యాలీ ప్రైమ్ అయితే మామూలుగా డేటా ‘యూజర్స్’లో ‘పబ్లిక్’ కింద ‘ట్యాలీప్రైమ్’, దాని లోపల ‘డేటా’లో ఉంటుంది. ఈఆర్పీ 9 అయితే ట్యాలీ ఫోల్డర్ లోపలి ‘డేటా’ చూడండి. అంకెల పేర్లతో ఉన్న ఫోల్డర్లు కనిపిస్తాయి, ఒక్కో కంపెనీకి ఒక్కోటి. ‘డేటా’ ఫోల్డర్ మొత్తం తీసుకోండి. లైసెన్సు తీసుకున్న ఈమెయిల్ ఏదో మీ బావగారిని అడిగి ఉంచుకోండి. విండోస్ బాగున్నప్పుడైతే ఫార్మాట్‌కి ముందు ట్యాలీలో లైసెన్సు సరెండర్ చేయడం పద్ధతి. ఇప్పుడు ఆ వీలు లేదు కాబట్టి, మళ్ళీ యాక్టివేట్ చేసేటప్పుడు ఇబ్బంది వస్తే ఆ ఈమెయిలే అక్కరకొస్తుంది.

క్రోమ్ పాస్‌వర్డ్‌ల సంగతి కూడా చెప్పాలి. క్రోమ్ ఫోల్డర్ కాపీ చేసుకుంటే పాస్‌వర్డ్‌లు రావు, అవి పాత విండోస్ లాగిన్‌తో ముడిపడి ఉంటాయి. గూగుల్ అకౌంట్‌తో సింక్ అయి ఉంటే సరే. లేకపోతే జీఎస్టీ, బ్యాంకు సైట్లలో పాస్‌వర్డ్ మార్చుకోవాల్సి వస్తుందని ముందే అనుకోండి.

మరో ప్రశ్న (వరంగల్ నుంచి)

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. నా ల్యాప్‌టాప్ విండోస్ 11, ఆన్ అవుతుంది కానీ అప్‌డేట్లు ఫెయిల్ అవుతున్నాయి, స్టార్ట్ మెనూ ఒక్కోసారి తెరుచుకోదు. నేనూ ఇదంతా చేయాలా?

జవాబు 2

అక్కర్లేదమ్మా. విండోస్ లేస్తోంది కాబట్టి మీది తేలిక. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో రికవరీ. ‘ఫిక్స్ ప్రాబ్లమ్స్ యూజింగ్ విండోస్ అప్‌డేట్’ అని ఉంటుంది, దాని పక్కన ‘రీఇన్‌స్టాల్ నౌ’ నొక్కండి. ఫైళ్ళు, ప్రోగ్రాములు, సెట్టింగులు అన్నీ ఉంచి విండోస్‌ని మాత్రం కొత్తగా వేస్తుంది. అయినా ముఖ్యమైనవి ముందు పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి. ఛార్జర్ పెట్టి, వైఫై మీద చేయండి, డౌన్‌లోడ్ జీబీల్లో ఉంటుంది.

జవాబు 3 (హైదరాబాద్)

వరంగల్ చెల్లికి ఒక్క మాట. విండోస్ 11 ల్యాప్‌టాప్‌లు చాలావాటికి బిట్‌లాకర్ ఎన్‌క్రిప్షన్, అంటే డిస్కు మొత్తానికి వేసే తాళం, ముందే ఆన్ అయి ఉంటుంది. ఏదైనా తేడా వస్తే బిట్‌లాకర్ రికవరీ కీ అడుగుతుంది, 48 అంకెలు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి వెళ్తే మీ డివైజ్ కింద ఉంటుంది, ఇప్పుడే చూసి కాగితం మీద రాసి పెట్టుకోండి. అది లేకపోతే ఫైళ్ళు ఏ షాపువాళ్ళూ తెరవలేరు.

తణుకు నుంచి

అన్నీ కాపీ అయ్యాయి అన్నా. ఇక రీసెట్ నొక్కనా, పెన్‌డ్రైవ్‌తో కొత్తగా వేయనా?

జవాబు 2

దానికి ముందు ఒక పని. ఎక్స్‌టర్నల్ డిస్కుని వేరే కంప్యూటర్‌కి పెట్టి ఫైళ్ళు తెరిచి చూడండి. ఫోటోలు నాలుగైదు, ఈ వారం ఇవ్వాల్సిన కార్డులు, ట్యాలీ ఉన్న ఎవరి సిస్టమ్‌లోనైనా మిల్లు డేటా. పేరు కనిపిస్తే చాలదు, సైజు సున్నా ఉన్న ఫైలుకి కూడా పేరు ఉంటుంది. ఆ డిస్కు కాకుండా ట్యాలీ డేటా వరకైనా ఇంకోచోట, గూగుల్ డ్రైవ్‌లోనో పెన్‌డ్రైవ్‌లోనో పెట్టండి.

తర్వాత నీలం తెరలో ‘స్టార్టప్ రిపేర్’, ‘సిస్టమ్ రిస్టోర్’, ‘అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్’ ఒకసారి ప్రయత్నించండి. వీటితోనే లేచిందంటే ప్రోగ్రాములు కూడా దక్కుతాయి. లేవకపోతే నేనైతే పెన్‌డ్రైవ్‌తో కొత్తగా వేయమంటాను. షాపు మెషీనుకి శుభ్రమైన విండోస్ మంచిది, ఎలాగూ ప్రోగ్రాములన్నీ మళ్ళీ ఎక్కించాలి.

మైక్రోసాఫ్ట్ సైటు నుంచి మీడియా క్రియేషన్ టూల్ తీసుకోండి, 8 జీబీ పెన్‌డ్రైవ్ సరిపోతుంది. అందులో ఉన్నవి చెరిగిపోతాయి కాబట్టి ఖాళీది వాడండి. ఇన్‌స్టాల్ మొదలయ్యాక ‘కస్టమ్’ ఎంచుకోండి. అప్పుడు వచ్చే తెర దగ్గర నిదానించండి. అక్కడ సి, డి అని అక్షరాలు ఉండవు. ‘డ్రైవ్ 0 పార్టిషన్ 1’, ‘పార్టిషన్ 2’ అని వరసగా ఉంటాయి. 100 ఎంబీది, 16 ఎంబీది విండోస్ సొంత అవసరాలవి. మీ పాత సి ఏదో, డి ఏదో సైజుని బట్టి గుర్తుపట్టాలి. అందుకే ముందే నోట్‌ప్యాడ్ పెట్టెలో రెండిటి సైజులూ చూసి రాసుకోండి. ఎక్స్‌టర్నల్ డిస్కు కూడా తీసేసి పక్కన పెట్టండి, అది కూడా ఈ జాబితాలో కనిపిస్తే పొరపాటు జరగొచ్చు.

పాత సి ఉన్న పార్టిషన్ ఎంచుకుని, ‘డిలీట్’, ‘ఫార్మాట్’ ముట్టుకోకుండా ‘నెక్స్ట్’ నొక్కండి. పాత విండోస్, పాత యూజర్స్ ఫోల్డర్‌తో సహా ‘విండోస్ డాట్ ఓల్డ్’ అనే ఫోల్డర్‌లోకి వెళ్తుంది. కాపీలో ఏదైనా మరిచిపోయినా అక్కడ వెతుక్కోవచ్చు. డీ డ్రైవ్ జోలికి వెళ్ళదు. జాబితాలో డిస్కే కనిపించకపోతే డిస్కు పోయిందని అనుకోకండి. కొన్ని ఇంటెల్ ల్యాప్‌టాప్‌లకు స్టోరేజీ డ్రైవర్ విడిగా ఇవ్వాలి, అప్పుడు మోడల్ నంబరు ఇక్కడ రాయండి.

ప్రోడక్ట్ కీ అడిగితే ‘నా దగ్గర లేదు’ అన్నది నొక్కండి. ఇంతకుముందు సక్రమంగా యాక్టివేట్ అయిన మెషీనే అయితే, అదే ఎడిషన్ వేస్తే నెట్ తగలగానే యాక్టివేట్ అవుతుంది. హోమ్ ఉన్నదానికి ప్రో వేస్తే కాదు.

విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. సీజను పని నడవాలి కాబట్టి ఇప్పటికి 10 వేసుకోండి, సెక్యూరిటీ అప్‌డేట్ల అదనపు గడువుకి నమోదు చేసుకోండి. పని తగ్గాక మీ ల్యాప్‌టాప్ 11కి పనికొస్తుందో లేదో చూద్దాం. ఇంటెల్ అయితే ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతి ప్రాసెసర్, టీపీఎం 2.0 (భద్రతకి వాడే చిప్) ఉండాలి.

తణుకు నుంచి

స్టార్టప్ రిపేర్‌తో లేవలేదు, పెన్‌డ్రైవ్‌తోనే వేశాను. యాక్టివేట్ అయింది. అను ఎక్కించి పాత కార్డు తెరిస్తే తెలుగు చక్కగా వచ్చింది. మిల్లు డేటా ట్యాలీలో కనిపిస్తోంది. ‘విండోస్ డాట్ ఓల్డ్’ చాలా జాగా తింటోంది, తీసేయనా?

జవాబు 2

చాలా సంతోషం అండీ. అది ఇంకో నాలుగు రోజులు ఉంచండి. మీ బావగారిని ట్యాలీలో చివరి తేదీ ఎంట్రీలు, స్టాకు, క్లోజింగ్ బ్యాలెన్సు చూసుకోమనండి. పెద్దగా వాడని కస్టమర్ల ఫైళ్ళు కూడా ఒకసారి తెరవండి. అలాగని మరీ ఆలస్యం చేయకండి, కొన్నాళ్ళకు విండోస్ దాన్ని తనంతట తానే తీసేస్తుంది, మామూలుగా పది రోజులకి. అన్నీ సరిపోయాక ‘డిస్క్ క్లీనప్’లో ‘ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్స్’ టిక్ పెట్టి తీసేయండి. ఈలోగా ల్యాప్‌టాప్‌కి కొత్త బ్యాటరీ వేయించండి.