బీజీపీ సెషన్ పడిపోతే ముందు రీస్టార్టా, లాగ్ చూడటమా?

రాత్రిషిఫ్ట్: మా దగ్గర లైనక్స్ రౌటర్ మీద ఎఫ్‌ఆర్‌ఆర్ (బీజీపీ నడిపే సాఫ్ట్‌వేర్; బీజీపీ అంటే రౌటర్లు ఒకదానికొకటి దారులు చెప్పుకునే పద్ధతి) నడుస్తోంది, నాలుగు పీర్లు (అవతలి రౌటర్లు). రాత్రి ఒక పీర్ పోయింది. సర్వీసుల స్థితి చూపే సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్‌లో యాక్టివ్, రన్నింగ్ అని పచ్చగా ఉంది, బీజీపీ సమ్మరీలో కూడా ఆ పీర్ ఎదురుగా యాక్టివ్ అనే ఉంది. సరే అని సర్వీసు రీస్టార్ట్ చేశాను. పైకి వచ్చి సరిగ్గా 3 నిమిషాలకు మళ్ళీ పడింది, అలా నాలుగుసార్లు. రీస్టార్ట్ ఎందుకు చేశావని మా సీనియర్ కోప్పడ్డారు. అంత తప్పా?

లైన్‌ముఖ్యం: తప్పేం కాదు తమ్ముడూ. కస్టమర్లు ఫోన్ల మీద ఫోన్లు చేస్తుంటే లాగులు చదువుతూ కూర్చోలేం. ముందు లైన్ లేపాలి, కారణం పొద్దున చూసుకోవచ్చు.

పోర్ట్179: అన్నా, ఇక్కడ మీతో ఏకీభవించలేను. చెడింది ఒక్క పీర్, రీస్టార్ట్‌తో బాగున్న మిగతా మూడూ తెగాయి. ఫుల్ టేబుల్ (ఇంటర్నెట్ మొత్తం రూట్లు) తీసుకునేవాళ్ళకైతే దగ్గరదగ్గర 10 లక్షల రూట్లు మళ్ళీ మొదటినుంచి రావాలి. ఆ ఒక్కదాన్నే క్లియర్ చేసి (ఆ సెషన్‌ని మాత్రమే తెంపి మళ్ళీ మొదలుపెట్టి) ఉండాల్సింది.

తమ్ముడూ, ఆ రెండు "యాక్టివ్"లూ ఒకటి కావు. సిస్టమ్‌డీ (సిస్టమ్‌సీటీఎల్ వెనకున్నది) చెప్పేది సర్వీసు బతికుందని. బీజీపీలో యాక్టివ్ అంటే సెషన్ ఇంకా లేవలేదు, కనెక్షన్ కోసం ప్రయత్నిస్తోందని. ఇది తెలియక ఎంతమంది తెల్లవార్లూ తిప్పలు పడ్డారో! ఆ పచ్చరంగును కూడా పూర్తిగా నమ్మొద్దు, బీజీపీ నడిపే ప్రాసెస్ బీజీపీడీ చచ్చిపోతే, కాపలా కాసే వాచ్‌ఎఫ్‌ఆర్‌ఆర్ దాన్ని మళ్ళీ లేపుతుంది, కాబట్టి పీఎస్ కమాండ్‌లో అది ఎప్పుడు మొదలైందో చూడు. ఎఫ్‌ఆర్‌ఆర్‌లోని మరో ప్రాసెస్ జీబ్రా వారం కిందటిది, బీజీపీడీ గంట కిందటిది అయితే మధ్యలో కూలిందన్నమాట.

నీ కేసులో అసలు ఆధారం ఆ 3 నిమిషాలు. హోల్డ్ టైమర్ (అవతలి నుంచి ఏమీ రాకపోతే ఎంతసేపు ఆగాలో) డిఫాల్ట్ 180 సెకన్లు. ఓపెన్ మెసేజ్ చిన్నది కాబట్టి సెషన్ లేస్తుంది, తర్వాత పెద్ద అప్‌డేట్ ప్యాకెట్లు దారిలో ఎక్కడో పోతాయి, వాటి వెనకే 'బతికున్నా' అని చెప్పే కీప్‌అలైవ్‌లు ఇరుక్కుంటాయి, అవతలివాడు 180 సెకన్లు చూసి తెంపేస్తాడు. ఎమ్‌టీయూ (ఒక ప్యాకెట్ ఎంత పెద్దదిగా ఉండొచ్చనే పరిమితి) సమస్య అని నా అనుమానం. ముక్కలు చేయొద్దనే ఆప్షన్ పెట్టి 1472 సైజుతో పింగ్ కొట్టు. షో బీజీపీ నైబర్‌లో లాస్ట్ రీసెట్ కారణం కూడా చూడు.

లైన్‌ముఖ్యం: ఒక్క పీర్‌నే క్లియర్ చేయాలన్న మాట ఒప్పుకుంటాను. కానీ వీటీవైఎస్‌హెచ్ (ఎఫ్‌ఆర్‌ఆర్ కమాండ్ లైన్) అసలు పలకనప్పుడు, ప్రాసెస్ బిగుసుకుపోయినప్పుడు రీస్టార్ట్ తప్ప దారి లేదు.

పోర్ట్179: అప్పుడు సరేనన్నా. అయినా ముందు కోర్ డంప్ (ప్రాసెస్ మెమరీ కాపీ) తీసి, జర్నల్‌సీటీఎల్ లాగ్ పక్కన పెట్టుకోండి, ఒక్క నిమిషం పని. రీస్టార్ట్ అయ్యాక ఆ మెమరీలో ఉన్నది మళ్ళీ దొరకదు.

రాత్రిషిఫ్ట్: 1472 దాటట్లేదు, 1400 దాటుతోంది! లాస్ట్ రీసెట్ దగ్గర హోల్డ్ టైమర్ ఎక్స్‌పైర్డ్ అనే ఉంది. ఇంటర్‌ఫేస్ ఎమ్‌టీయూ 1400కి తగ్గించి ఆ ఒక్క పీర్‌ని క్లియర్ చేశాను. 40 నిమిషాలైంది, పడలేదు. దారిలో ఏం మార్చారో ప్రొవైడర్‌ని అడుగుతున్నాను.