"రాజు తలచుకుంటే దెబ్బలకు కొదవా": యుద్ధం గురించి చెప్పేటప్పుడు ఈ సామెత వాడొచ్చా?

తిరుపతి నుంచి:
అందరికీ నమస్కారం. మా కాలేజీ వక్తృత్వ పోటీలో నాకు వచ్చిన అంశం "ప్రజాస్వామ్య దేశాలు ఒకదానితో ఒకటి ఎందుకు యుద్ధానికి దిగవు?" పై సామెతతో మొదలుపెడదామనుకుంటున్నాను. అది ఒక మనిషిని దండించడం గురించిన మాట, యుద్ధానికి కుదరదని ఫ్రెండ్ అంటోంది. పెద్దలు చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

చిత్తూరు నుంచి:
ధైర్యంగా వాడమ్మా. ఆ సామెతలో బరువంతా "తలచుకుంటే" మీదే ఉంది. రాజు తలచుకున్నాక ఆపేవాళ్లు లేరనే దాని బాధ. 1780లో మైసూరు పాలకుడు హైదరాలీ, ఆర్కాటు నవాబు ఏలే కర్ణాటక సీమ మీదికి దండెత్తి వచ్చాడు. ఆ యుద్ధం తేలకముందే, 1782 డిసెంబరులో, మన చిత్తూరు దగ్గరే చనిపోయాడు. ఆయన గానీ, ఆర్కాటు నవాబు గానీ, కుంపిణీ (ఈస్టిండియా కంపెనీ) వాళ్లు గానీ ఇక్కడి రైతును ఒక్క మాట అడిగారా? పంట పోయింది మాత్రం రైతుకే.

జర్మన్ తత్వవేత్త కాంట్ 1795లో శాశ్వత శాంతి మీద రాసిన వ్యాసంలో ఇదే అన్నాడు. యుద్ధం వచ్చినా రాజుగారి విందులూ వేటలూ ఆగవు. ప్రాణాలిచ్చి, పన్నులు కట్టి, అప్పులు మోసే జనాన్నే అడిగితే వాళ్లు వెనకాముందూ చూసుకుంటారు.

అక్కడితో ఆపేస్తే మాత్రం నీ వాదన సగమే. ఓటున్న దేశాలూ యుద్ధాలు చేశాయి: అమెరికా వియత్నాంలో, 2003లో ఇరాక్‌లో. 1982లో సైనిక పాలనలోని అర్జెంటీనా ఫాక్‌లాండ్ దీవులను ఆక్రమిస్తే బ్రిటన్ పోరాడింది. అదే బ్రిటన్ చేపల వేట హద్దుల కోసం, తనలాగే ఓటున్న ఐస్‌లాండ్‌తో 1976 దాకా గొడవపడింది. ఓడలు గుద్దుకున్నాయి, వలలు తెగాయి, యుద్ధం రాలేదు. పాలకుణ్ణి ఆపే పగ్గం రెండువైపులా ఉండాలి, ఎదుటివాడికీ ఉందని కనబడాలి. అవతలి పార్లమెంటులో ఏం వాదించుకుంటున్నారో, పత్రికలు ఏం తిడుతున్నాయో తెలుస్తూ ఉంటే, రాత్రికి రాత్రి మీద పడతారన్న భయం తగ్గుతుంది. మాట్లాడుకోవడానికి టైమ్ దొరుకుతుంది. నాకు ఇదే అసలు కారణం అనిపిస్తుంది.

చంద్రగిరి నుంచి:
మరి కార్గిల్ సంగతేమిటన్నా? 1999లో రెండుపక్కలా ఎన్నికైన ప్రభుత్వాలే కదా?

చిత్తూరు నుంచి:
అవును తమ్ముడూ, పండితులు ఇప్పటికీ దాని మీదే వాదించుకుంటున్నారు. ఆ పథకం వేసింది పాకిస్తాన్ సైన్యాధికారులు. ప్రధానికి ఎంతవరకు చెప్పారన్నది ఇంకా వివాదమే. అదే ఏడాది అక్టోబరులో ఆ ప్రభుత్వాన్ని సైన్యమే కూల్చేసింది. ఎన్నికలు జరిగితే చాలదు, సైన్యం ఓటు మాట వినాలి.

అమ్మా, జడ్జీలు అడిగేలోపే కార్గిల్‌ను నువ్వే ఎత్తుకో. "ఎప్పుడూ చేసుకోవు" అనకు, "అరుదు" అను. 1941 డిసెంబరులో బ్రిటన్ ఫిన్లాండ్ మీద యుద్ధం ప్రకటించింది, రెండూ ప్రజాస్వామ్యాలే.