అప్‌డేట్: 60 జంప్‌లతో బేస్ జంపింగ్‌కి వెళ్లొచ్చా అని అడిగింది నేనే

బేస్ జంపింగ్ అంటే విమానంలోంచి కాకుండా వంతెనలు, కొండల్లాంటి వాటి మీంచి పారాచూట్‌తో దూకడం. పోయినేడాది అమెరికాలో ఐడహోలోని పెరీన్ బ్రిడ్జి మీంచి అలా దూకడానికి 60 స్కైడైవ్‌ల (విమానంలోంచి దూకడాల) అనుభవం సరిపోతుందా అని ఇక్కడ అడిగాను. కనీసం 200 అయ్యాక చూడమన్నారు. అప్పుడు కోపమొచ్చింది. ఇప్పుడు మీకు చేతులెత్తి దండం పెడుతున్నా.

జూన్‌లో నా మెయిన్ పారాచూట్ తాళ్లు మెలిపడ్డాయి. దాన్ని వదిలేసి రిజర్వ్ (అదనంగా ఉండే రెండో పారాచూట్) మీద దిగాను. ఆ మెయిన్‌ని మడిచింది నేనే. ఆ రాత్రంతా నిద్ర లేదు. విమానంలోంచి దూకాను కాబట్టి ఎత్తు మిగిలింది. ఆ వంతెన ఎత్తు 486 అడుగులే, బేస్‌లో వాడేది ఒక్క పారాచూటే!

ఇప్పుడు 143 జంప్‌ల దగ్గరున్నా. వారాంతాల్లో మడవడం, విప్పడం, మళ్లీ మడవడం, గురిపెట్టిన చోట దిగడం. వింగ్‌సూట్ (రెక్కల్లాంటి గుడ్డ ఉన్న దుస్తులతో ఎగరడం) ఊసెత్తట్లేదు, అమెరికాలో దానికీ 200 జంప్‌ల నిబంధనుంది. గుంటూరులో అమ్మకి అన్నీ చెప్పేశాను.