ఈ ఆకురాలు కాలానికి ఏ ట్రెండ్ తీసుకోవాలి, ఏది వదిలేయాలి?

మబ్బుపట్టిన_పొద్దు
చలి ముదిరే ముందు వచ్చే ఈ రెండు నెలలంటే నాకు ప్రాణం. కానీ ఈసారి బట్టల దగ్గర ఎటూ తేల్చుకోలేకపోతున్నాను. ఎక్కడ చూసినా స్వెడ్ (నూగున్న తోలు) జాకెట్, బర్గండీ (ముదురు వైన్ ఎరుపు) రంగు, బ్యారెల్ జీన్స్ (మోకాలి దగ్గర ఉబ్బి కింద సన్నబడేవి), పెద్ద గళ్ళ కోటు, చిరుత ప్రింట్. ఐదూ కొనను, రెండే తీసుకుంటాను. నా ఎత్తు 5 అడుగుల 1 అంగుళం. పొద్దున బయల్దేరేటప్పుడు 8 డిగ్రీలు, మధ్యాహ్నానికి 20. ఆఫీసుకి బస్సులో వెళ్తాను. బీరువా నిండా నలుపు, నేవీ బ్లూ. మీరైతే ఏ రెండు తీసుకుంటారు? చీలమండ బూట్ల మీదికి బ్యారెల్ జీన్స్ ఎంత పొడవుండాలో కూడా చెప్పండి.

చలిమంట
స్వెడ్ మాత్రం వద్దు. పోయినేడాది లేత గోధుమ రంగు జాకెట్ కొన్నాను. మూడోసారి వేసుకున్న రోజే వాన. పది నిమిషాలు తడిసిందంతే, భుజాల మీద ముదురు మచ్చలు పడ్డాయి. కంగారులో హెయిర్ డ్రయర్ పెట్టాను. దాంతో తోలు అట్టలా బిగుసుకుపోయింది. క్లీనింగ్‌కి ఇస్తే మచ్చ పోలేదు సరికదా, ఆ చోట నూగంతా లేచిపోయి నున్నగా తయారైంది. బస్ స్టాప్‌లో నిలబడే వాళ్ళెవరికీ నేను స్వెడ్ చెప్పను.

గట్టుమీద_గాలి
మీ లిస్టులో కార్డురాయ్ (నిలువు గట్లుండే కాటన్ బట్ట) లేకపోవడం అన్యాయం అండీ. 8 నుంచి 20 డిగ్రీల మధ్య దానికి మించిన బట్ట లేదు. ఒక్క విషయం చూసుకోండి. అంగుళానికి ఎన్ని గట్లున్నాయో లెక్కపెట్టండి. 8 లోపుంటే మందంగా, బరువుగా ఉంటుంది, ప్యాంటుకీ జాకెట్‌కీ బాగుంటుంది. 16 దాటితే చొక్కా కుట్టించుకునేంత మెత్తన. పొట్టివాళ్ళకు సన్న గట్లే నప్పుతాయి. నా ముదురాకుపచ్చ ప్యాంటు ఏడేళ్ళ నాటిది, మోకాళ్ళ దగ్గర మాత్రమే కాస్త అరిగింది.

తోలుపని
@చలిమంట తప్పు స్వెడ్‌ది కాదండీ, ఆరబెట్టిన పద్ధతిది. తడిసినప్పుడు పొడి టవల్‌తో అద్దాలి, రుద్దకూడదు. వేడి తగలని చోట వేలాడదీసి, పూర్తిగా ఆరాక స్వెడ్ బ్రష్‌తో నూగు లేపాలి. అసలు కొన్న రోజే నీళ్ళు పట్టనివ్వని స్ప్రే కొట్టుకోవాలి. ఇంకో మాట. కొందరు నూబక్‌ని స్వెడ్ అనుకుని కొంటారు. స్వెడ్ తోలు లోపలి పొర, నూబక్ పైపొరని గీకి నూగు తెప్పించింది. చేత్తో తడిమితే నూబక్ నూగు ఇంకా పొట్టిగా, వెల్వెట్‌లా ఉంటుంది.

చలిమంట
స్ప్రే కొట్టానండీ. అయినా మచ్చలు పడ్డాయి. జరిగింది చెప్తుంటే నాకు పాఠం చెప్తారేంటి?

ఎర్రమట్టి
అసలు ప్రశ్నకి వద్దాం. బర్గండీ తీసుకోండి, ఇంకో ఆలోచన అక్కర్లేదు. నేవీ పక్కన ఆ రంగు వెలిగిపోతుంది, నలుపు పక్కన నిండుగా ఉంటుంది. మీ బీరువాలో ఉన్నవన్నీ దానికి జతపడతాయి. ఏటా ఒక 'ఈ ఏటి రంగు' ప్రకటించే ప్యాంటోన్ కంపెనీ వాళ్ళు 2015కి మార్సాలా అని వైన్ రంగు ప్రకటించినప్పుడు కొన్న స్వెటర్ నా దగ్గర ఇంకా ఉంది. 2025కి మోకా మూస్ అని గోధుమ రంగు ప్రకటించారు, దాని మీదికీ ఇదే స్వెటర్ వేశాను. కొనేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. రెండుసార్లు వేసుకోగానే పైన నూగు చిన్న చిన్న ఉండలు కట్టిందంటే అది నాసిరకం, వెంటనే తిరిగిచ్చేయండి.

ఊలుబంతి
ఆఖరి మాట పూర్తిగా తప్పు. నా కష్మీర్ (మేక నూగుతో చేసే మెత్తటి ఊలు) స్వెటర్‌కి మొదటి నెలలోనే చంకల కింద, బ్యాగు పట్టీ రాసుకునే చోట ఉండలు వచ్చాయి. దువ్వెనతో తీసేశాను. నాలుగు ఉతుకుల తర్వాత తగ్గిపోయాయి. ఇప్పుడు నా దగ్గరున్న వాటిలో అదే బెస్ట్. మీ మాట నమ్మి ఎంతమంది మంచి స్వెటర్లు వెనక్కిచ్చేస్తారో!

ఎర్రమట్టి
అంత డబ్బు పోసి కొన్న బట్టని నేను దువ్వుతూ కూర్చోవాలా? నా పదేళ్ళ స్వెటర్‌కి ఒక్క ఉండ లేదు.

ఊలుబంతి
మీ స్వెటర్ ఏ నూలో చెప్పకుండా అలా అంటే ఎలాగండీ? బిగుతుగా అల్లిన మెరినో గొర్రె ఊలా? యాక్రిలిక్ అనే కృత్రిమ నూలు కలిసిందా? లేబుల్ చూసి చెప్పండి.

ఎర్రమట్టి
లేబుల్ ఎప్పుడో కత్తిరించేశాను, మెడ దగ్గర గుచ్చుకుంటుంటే.

ఊలుబంతి
మరి తెలియకుండానే అందరికీ తీర్పు చెప్పేశారు!

పరీక్షగది
ఇద్దరూ ఆగండి. నేను పదకొండేళ్ళు బట్టల టెస్టింగ్ ల్యాబ్‌లో పనిచేశాను, ఉండలు కట్టే పరీక్ష నా చేతుల మీదుగా కొన్ని వేలసార్లు జరిగింది. బట్ట ముక్కని మార్టిండేల్ మిషన్‌లో పెట్టి రుద్దించి, 5 నుంచి 1 దాకా గ్రేడ్ ఇస్తాం. మార్పేమీ లేకపోతే 5, ఉండలతో నిండిపోతే 1. పీచు పొట్టిగా ఉన్నా, నూలుకి పురి తక్కువైనా, అల్లిక వదులుగా ఉన్నా ఉండలు లేస్తాయి. మెత్తదనం కూడా ఆ వదులు పురి వల్లే వస్తుంది కాబట్టి చేతికి బాగా మెత్తగా తగిలే స్వెటరే ముందుగా ఉండలు కట్టొచ్చు. ఊలు, కష్మీర్ పీచు బలం తక్కువ కాబట్టి కొన్నాళ్ళకి ఆ ఉండలు తెగి రాలిపోతాయి. యాక్రిలిక్, పాలిస్టర్ పీచు గట్టిది, ఉండని పట్టుకుని వదలదు. కాబట్టి మొదటి నెలలో ఉండలు వచ్చాయా లేదా అని కాదు, ఆరు నెలల తర్వాత ఉన్నాయా లేదా అని చూడాలి.

ఎర్రమట్టి
ల్యాబ్‌లో గ్రేడ్లు బాగానే ఇస్తారు. షాపులో నిలబడ్డ మనిషికి ఆరు నెలలు ఎక్కడివి? వెనక్కిచ్చే గడువు ఎన్ని రోజులుంటుందో మీకు తెలీదా?

పరీక్షగది
తెలుసు కాబట్టే చెప్తున్నాను. షాపులోనే చేతిని స్వెటర్ మీద పది పన్నెండుసార్లు గట్టిగా రుద్ది చూడండి. అప్పుడే నూగు లేచిందంటే పెట్టేయండి. అంచు పట్టుకుని కాస్త సాగదీసి వదలండి, తిరిగి దగ్గరికి రాకపోతే అల్లిక వదులుగా ఉన్నట్టే. వెలుతురుకి ఎదురుగా పట్టుకుని అల్లిక ఎంత వదులో చూడటం కూడా మంచిది.

చలిమంట
ఆ అమ్మాయి రెండు ట్రెండ్లు అడిగింది, మీరేమో ఉండల దగ్గరే ఆగిపోయారు.

బీరువా_తాళం
ఉండలు సరే, కన్నాల సంగతి ఎవరూ అనట్లేదే. నిన్న నా ఊలు కోటు బయటికి తీస్తే వీపు మీద మూడు కన్నాలు. ఎగిరే చిమ్మట బట్ట తినదట, దాని పిల్లపురుగులు తింటాయట. చెమట, తిండి మరకలు ఉన్న చోటు వాటికి ఇంకా ఇష్టమట. నేను ఉతక్కుండా మడతపెట్టాను. ఇంకో ఐదు స్వెటర్లు అదే అరలో ఉన్నాయి, చాలా టెన్షన్‌గా ఉంది. కలరా ఉండలు పెడితే సరిపోతుందా?

ఊలుబంతి
@బీరువా_తాళం అయ్యో, ముందు ఆ ఐదూ బయటికి తీయండి. కలరా ఉండల కంటే శుభ్రం ముఖ్యం. అర మూలల్లో వాక్యూమ్ పెట్టండి. స్వెటర్లని చన్నీళ్ళలో ఊలు సబ్బుతో మెల్లగా ముంచి తీయండి, పిండొద్దు. వేడి నీళ్ళలో పిండుతూ రుద్దితే ఊలు పొలుసులు ఒకదానికొకటి పెనవేసుకుని స్వెటర్ చిన్నదైపోతుంది. టవల్ మీద పరిచి ఆరబెట్టి, మూత గట్టిగా పడే పెట్టెలో పెట్టండి. హ్యాంగర్‌కి మాత్రం వేయకండి, భుజాలు సాగిపోతాయి.

వానచినుకు
నా ఓటు ఆ ఐదింట్లో దేనికీ కాదు, ట్రెంచ్ కోటుకి, అంటే బెల్టున్న పొడవాటి వాన కోటుకి. దాన్ని కుట్టే గ్యాబర్డిన్ బట్టని థామస్ బర్బెర్రీ 1879లో తయారుచేశాడు, 1888లో పేటెంట్ తీసుకున్నాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికాధికారులు వేసుకున్న కోటు ఇప్పటికీ అదే భుజపట్టీలతో, అదే బెల్టుతో వస్తోంది. పొద్దున 8 డిగ్రీలకి లోపల పల్చటి స్వెటర్, మధ్యాహ్నం స్వెటర్ తీసి బ్యాగులో పెట్టేస్తాను. చినుకులకి భయం లేదు, జడివానకి మాత్రం గొడుగు కావాలి. బెల్టు బకిల్‌లో పెట్టకుండా ముడి వేసుకోండి, నడుము అందంగా కనిపిస్తుంది.

గట్టుమీద_గాలి
5 అడుగుల 1 అంగుళం మనిషికి పిక్కల దాకా వచ్చే ట్రెంచా? మోకాలి పైకి ఉండేది చెప్పండి.

వానచినుకు
నేను 5 అడుగులే. పిక్కల దాకా వచ్చేదే వేసుకుంటాను. భుజం కుట్టు నా భుజం ఎముక మీద సరిగ్గా కూర్చుంటుంది కాబట్టి బాగుంటుంది. పొట్టివాళ్ళు ఇది వేసుకోకూడదు, అది వేసుకోకూడదు అనే మాట విని విని విసుగొచ్చేసింది. భుజం సరిగ్గా ఉంటే పొడవు ఎవరికైనా నప్పుతుంది.

గట్టుమీద_గాలి
మీ మనసు నొప్పించాలని అనలేదండీ. కానీ పెద్ద గళ్ళ కోటు విషయంలో నా మాట అదే. గడి అరచేయంత ఉంటే చిన్న మనిషి మీద రెండు మూడు గళ్ళే పడతాయి, కోటే కనిపిస్తుంది, మనిషి కనిపించదు. గళ్ళు కావాలంటే హౌండ్స్‌టూత్ (విరిగిన అంచుల గళ్ళ డిజైన్) లాంటి చిన్నవి చూడండి. జేబు దగ్గర, ముందు బొత్తాల దగ్గర గళ్ళు కలిసేలా కుట్టారో లేదో కూడా చూడాలి. అక్కడ తప్పితే కుట్టు మీద శ్రద్ధ లేనట్టే.

మబ్బుపట్టిన_పొద్దు
అందరికీ థాంక్స్. బర్గండీ ఖాయం చేసుకున్నాను. పరీక్షగది గారు చెప్పినట్టు షాపులో నాలుగు స్వెటర్లు రుద్ది చూశాను. రెండింటికి అక్కడికక్కడే నూగు లేచింది. పల్చటి మెరినోకి ఏమీ కాలేదు, అదే తెచ్చుకున్నాను. స్వెడ్ వదిలేశాను, @చలిమంట గారి జాకెట్ సంగతి చదివాక ధైర్యం చాలలేదు. బ్యారెల్ జీన్స్ తెచ్చాను కానీ పొడవు నన్ను చంపుతోంది. బూట్ల మీద కుప్పగా పడుతోంది. నా మొదటి పోస్టులో అడిగాను, ఎవరూ చెప్పలేదు.

సూదిమందం
ఇప్పుడే చూశాను, బట్టలు సరిచేసే పనే నాది. బ్యారెల్ జీన్స్ మోకాలి దగ్గర ఉబ్బి, చీలమండ దగ్గర సన్నబడాలి. కింద కుప్ప పడితే ఆ ఆకారం మొత్తం పోతుంది. మీరు రోజూ వేసుకునే బూట్లు వేసుకునే అద్దం ముందు నిలబడండి. అంచు బూటు పై అంచుని అర అంగుళం కప్పేలా పిన్ను పెట్టండి, కూర్చుని లేచి, మెట్టు ఎక్కి చూడండి. బూటు గొట్టం కాలికి అంటుకున్నట్టు సన్నగా ఉంటేనే జీన్స్ దాని మీదికి సాఫీగా జారుతుంది. వదులు గొట్టమైతే ముడతలు పడుతుంది. ఇంకో సంగతి, కత్తిరించే ముందు ఒకసారి ఉతకండి, కాటన్ కొంచెం కుంచించుకుంటుంది. మోకాలి ఉబ్బు మీ మోకాలికి బాగా కిందికి పడుతుంటే మాత్రం అంచు కత్తిరించినా లాభం లేదు, పొట్టివాళ్ళ సైజులో మార్చుకోండి.

మబ్బుపట్టిన_పొద్దు
ఉబ్బు మోకాలికి రెండు అంగుళాలు కిందికి పడుతోంది. ట్యాగు ఇంకా తీయలేదు, రేపే మార్చుకొస్తాను.

చలిమంట
@తోలుపని ఆ బిగుసుకుపోయిన జాకెట్‌ని ఇప్పుడైనా ఏమైనా చేయొచ్చా?