చెట్ల లెక్క సరిపోయింది, నీడ మాత్రం లేదు: అప్పగింతకు ముందు ఏమి అడగాలి?

ప్రశ్న (నివాసుల సంఘం సభ్యుడు):
నమస్కారం. హైదరాబాదు పశ్చిమ శివారులో నాలుగెకరాల్లో కట్టిన మా అపార్ట్‌మెంట్ సముదాయాన్ని నిర్మాణ సంస్థ మరికొన్ని నెలల్లో సంఘానికి అప్పగించనుంది. పర్యావరణ అనుమతిలో చెప్పినన్ని చెట్లు నాటామని, మొత్తం 210 ఉన్నాయని వారు అంటున్నారు. మేమూ లెక్కపెట్టాం, సంఖ్య నిజమే. అయితే వాటిలో 160 దాకా ప్రహరీ వెంట వరుసగా పెట్టిన, సన్నగా నిటారుగా పెరిగే నరమామిడి మొక్కలే. పిల్లలు ఆడుకునే చోట మిట్టమధ్యాహ్నం నిలబడడానికి అరచేతంత నీడ లేదు. ముందు నుంచీ ఉన్న ఒక పాత వేపచెట్టును ఉంచారు కానీ, దాని మొదలుకు ఆనించి సిమెంటు ఇటుకలు పరిచేశారు. నిబంధన ప్రకారం ఇది సరిపోయినట్టేనా?

సమాధానం (పట్టణ ప్రణాళిక విభాగంలో పనిచేసి విరమించినవారు):
నిర్మిత వైశాల్యం 20,000 చదరపు మీటర్లకు చేరిన ప్రాజెక్టులకు 2006 నాటి ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ కింద పర్యావరణ అనుమతి తప్పనిసరి. ప్రతి 80 చదరపు మీటర్ల స్థలానికి కనీసం ఒక చెట్టు పెంచాలని, ముందే ఉన్న చెట్లను ఆ లెక్కలో కలుపుకోవచ్చని, స్థానిక జాతులకు ప్రాధాన్యం ఇవ్వాలని, ఒక చెట్టు కొడితే బదులుగా అంతకంటే ఎక్కువ నాటాలని ఆ అనుమతుల్లో సాధారణంగా షరతు ఉంటుంది. ఎకరం 4,047 చదరపు మీటర్లు కనుక మీ నాలుగెకరాలకు 203 చెట్లు చాలు. సంఖ్య విషయంలో వారిని తప్పుపట్టలేరు.

చిక్కు ఎక్కడంటే, ఆ షరతు మొదళ్లను లెక్కపెడుతుంది గాని నీడను కొలవదు. ఎనిమిది మీటర్ల వెడల్పున కొమ్మలు చాచిన కానుగ దాదాపు 50 చదరపు మీటర్ల నేలను కప్పితే, వెడల్పు రెండు మీటర్లు దాటని నరమామిడి కప్పేది మూడు చదరపు మీటర్లే. అంటే ఒక్క కానుగ నీడకు పదహారు నరమామిళ్లు కావాలి. కాగితం మీద రెండూ ఒక్కొక్క చెట్టే. ఎత్తైన భవనాల స్థలంలో చుట్టూ రెండు మీటర్ల పచ్చని పట్టీ ఉండాలని 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల జీవో 168 చెబుతుంది. అంత ఇరుకులో నిటారుగా పెరిగే చెట్టు కాబట్టే అందరూ నరమామిడి వైపు మొగ్గుతారు. అది మన దేశపు చెట్టే కనుక ‘స్థానిక జాతులు’ అన్న మాట పట్టుకుని వాదించినా నెగ్గలేరు.

అదే జీవోలో, ఎత్తైన భవనాల స్థలంలో కనీసం పది శాతం నేలమట్టంలో, ఆకాశానికి తెరిచి ఉండే ఖాళీ జాగాగా వదలాలని ఉంది. మీరు పట్టుబట్టవలసింది అక్కడ. ఆమోదం పొందిన ప్లాను తెప్పించుకుని, ఆ జాగా కింద వేళ్లు దిగే నేల ఉందో, సెల్లారు శ్లాబు ఉందో చూడండి. పర్యావరణ అనుమతి పత్రం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేశ్ పోర్టల్‌లో దొరుకుతుంది. షరతుల అమలుపై ఏటా జూన్ 1న, డిసెంబరు 1న సమర్పించవలసిన నివేదికలు కూడా ప్రజలు చూడదగినవే. వాటిలో రాసినదాన్ని నేల మీద ఉన్నదానితో పోల్చి, తేడాలను రాతపూర్వకంగా అడగండి.

సమాధానం (నర్సరీ నడిపేవారు):
పై సమాధానంతో ఏకీభవిస్తూ, గోతుల సంగతి చెబుతాను. గత వేసవిలో ఒక కొత్త సముదాయంలో ఎండిన పొగడ మొక్కను పెకలిస్తే నల్ల ప్లాస్టిక్ సంచితో సహా పైకి వచ్చింది. వేళ్లు సంచి లోపలే గుండ్రంగా తిరిగి తాడులా పేనుకుపోయాయి. చుట్టూ ఉన్నది మట్టి కాదు, మొరం, పెంకులు, గట్టిపడిన సిమెంటు ముద్దలు. దానికి ట్యాంకరు పెట్టి నీళ్లు పోసినా బతకదు. మీరు ఎక్కడైనా నాలుగు చోట్ల తవ్వించి చూడండి. మీటరు పొడవు, వెడల్పు, లోతు గొయ్యి తీసి, ఎర్రమట్టిలో మాగిన పశువుల ఎరువు కలిపి, తొలకరికి నాటించాలి. నేల ఉన్న చోట కానుగ, పొగడ, నేరేడు కలిపి పెట్టండి (నేరేడును మాత్రం పార్కింగుకు దూరంగా). అన్నీ వేపలే పెట్టకండి. ఇటీవలి సంవత్సరాల్లో తెలంగాణలో కొమ్మల చివర్ల నుంచి ఎండే తెగులు వేపలను ఎంతగా పీడించిందో అందరం చూశాం. ఇక ఆ పాత వేప చుట్టూ ఉన్న ఇటుకలను ఈ వారమే తీయించండి. ఆ చెట్టు ఇచ్చే నీడ కొత్త మొక్కల నుంచి రావడానికి ఇరవై ఏళ్లు పడుతుంది.

సమాధానం (అమెరికాలోని వర్జీనియాలో ఉంటున్నవారు):
మా రాష్ట్ర చట్టం స్థానిక ప్రభుత్వాలకు ఇచ్చిన అధికారంలో కొలత వేరుగా ఉంది. నాటిన చెట్లు 20 ఏళ్లకు ఎంత నేలను కప్పుతాయన్నది అంచనా వేసి, ఎకరానికి పది లేదా అంతకంటే తక్కువ ఇళ్లుంటే స్థలంలో 20 శాతం, పది నుంచి ఇరవై లోపు ఉంటే 15 శాతం, ఇరవై ఆపైన ఉంటే 10 శాతం నీడ వచ్చేలా చూడమంటారు. ఇలా కొలిస్తే సన్నని చెట్ల వరుసతో సరిపెట్టడం కష్టం.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. ఆదివారం సభ్యులం టేపు పట్టుకుని తిరిగాం. ఖాళీ జాగాలో సగానికి పైగా శ్లాబు మీదే ఉంది. నేల ఉన్న మిగతా భాగంలో ముప్పై కానుగలు, పొగడలు పట్టే చోటుంది. వాటిని తొలకరికి నాటాకే అప్పగింత తీసుకుంటామని లేఖ ఇచ్చాం. వేప మొదలు చుట్టూ రెండు మీటర్ల మేర ఇటుకలు నిన్న తీయించాం. కింద మట్టి రాయిలా గట్టిపడి ఉంది. దాన్ని వేళ్లు తెగకుండా ఎంత లోతు వరకు గుల్ల చేయవచ్చో నర్సరీవారు చెప్పగలరా?