లంగరు వేసేటప్పుడు స్టీరింగ్ దగ్గరున్నవాళ్లకీ ముందు డెక్ మీదవాళ్లకీ మాట కలిసేదెలా?

ప్రశ్న: మాది సెయిల్ బోటు. స్టీరింగ్ దగ్గర నేను, ముందు లంగరు దగ్గర మా ఆవిడ. ఇంజిన్ మోత, దానికి తోడు గాలి, ఎంత అరిచినా నా మాట తనకి వినపడదు, చూసేవాళ్లకి మాత్రం మేం పోట్లాడుకుంటున్నట్టే ఉంటుంది. హెడ్‌సెట్లు కొనాలా, సైగలు సరిపోతాయా?

జవాబు 1: సైగలు చాలండీ. లంగరు వేసేది గాలికి ఎదురుగా కదా, ముందు నుంచి మాట మీ దాకా కొంత వస్తుంది గానీ మీ మాట అటు పోదు, కాబట్టి తను చెప్పాలి, మీరు చెయ్యాలి. చైను ఎటు లాగుతుంటే అటు చెయ్యి చాపడం, పిడికిలి ఎత్తితే గేరు న్యూట్రల్‌లోకి, ఇలా ముందే ఒప్పుకోండి. చెయ్యి బాగా పక్కకో పైకో చాపాలి, ఒంటికి ముందు పెట్టుకుంటే వెనకనుంచి ఏం కనపడుతుంది!

జవాబు 2: నా ఓటు హెడ్‌సెట్లకే. "ఇంకో 10 మీటర్లు వదులు" అని మామూలు గొంతుతో అనొచ్చు, సగం టెన్షన్ అక్కడే పోతుంది. మైకుకి గాలి ఆపే స్పాంజి తొడుగు ఉండేవి చూడండి. ఛార్జింగ్ అయిపోతే మళ్లీ సైగలే, అవి ఎలాగూ నేర్చుకోవాలి.

ప్రశ్న అడిగినవారు: మరి రాత్రిపూట సైగలు?

జవాబు 1: టార్చి చైను మీద వేయమనండి, అది ఎటు పోతోందో మీకూ తెలుస్తుంది. మీ మొహం మీద మాత్రం వద్దు, ఆ తర్వాత కాసేపు చీకట్లో ఏమీ కనపడదు.