చెల్లి అమెరికా వెళ్లి తొమ్మిది వారాలు, ఇంకా ఒక్క కార్డూ చేతికి రాలేదు. ఎక్కడ ఆగిందో ఎలా తెలుసుకోవాలి?

ప్రశ్న: వనస్థలిపురం అన్నయ్య

నమస్కారం అండి. మాది వనస్థలిపురం, అడిగేది మా చెల్లి కోసం. బావగారు అమెరికన్ సిటిజన్. పెళ్లై ఏడాదిన్నర అయింది. ముంబైలో ఇంటర్వ్యూ అయ్యాక సీఆర్-1 (అమెరికన్ సిటిజన్ భార్యగా వెళ్లే) వీసా వచ్చింది, వెళ్లి తొమ్మిది వారాలైంది. మూడు వారాల్లో సోషల్ సెక్యూరిటీ కార్డు (ఉద్యోగానికీ పన్నులకీ కావాల్సిన నంబర్ ఉండేది), మూడు నెలల్లో గ్రీన్ కార్డు వస్తాయన్నారు. గ్రీన్ కార్డుకి కట్టాల్సిన 235 డాలర్ల ఫీజు విమానం ఎక్కకముందే కట్టేశాం. ఇప్పటిదాకా పోస్టులో ఏదీ రాలేదు.

డ్రైవింగ్ లైసెన్స్ ఆఫీసుకి రెండుసార్లు వెళ్లారు. మొదటిసారి సోషల్ సెక్యూరిటీ నంబర్ లేదని వెనక్కి పంపారు. రెండోసారి కాగితాలు తీసుకున్నారు గానీ ఇమిగ్రేషన్ వెరిఫికేషన్‌కి వెళ్లింది, ఇంటికి ఉత్తరం వస్తుంది అన్నారు. అది కూడా మూడు వారాల కిందటి మాట. బావగారు మంచివారే, కానీ పొద్దున ఏడింటికి వెళ్తే సాయంత్రం ఆరు దాటాకే వస్తారు, ఈ ఆఫీసులన్నీ అప్పటికి మూసేస్తారు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. తన పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు కాలమ్ ఖాళీగా ఉంది. పదో తరగతి మెమోలో ఎలా ఉందో అలాగే మొత్తం పేరు ఒకే చోట పెట్టి 2019లో తీసుకున్నాం. అప్పుడు మాకు తెలియదు. వీసా మీద ఆ పేరంతా ఇంటిపేరు ఉండాల్సిన చోటికి వెళ్లిపోయి, అసలు పేరు ఉండాల్సిన చోట ఎఫ్‌ఎన్‌యూ అని పడింది. దీని వల్లే ఆగిందా అని నా అనుమానం.

తను ఇక్కడ నాచారంలో ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో ఆరేళ్లు పనిచేసింది. స్కూటీ మీద తనే వెళ్లొచ్చేది, నాన్నగారి బ్యాంకు పనులు, కరెంటు బిల్లు, ఇంటి పన్ను అన్నీ తనే చూసేది. ఇప్పుడు పాల ప్యాకెట్ కావాలన్నా ఎవరో కారులో తీసుకెళ్లాలి. మొన్న ఫోన్లో, "అన్నయ్యా, ఇక్కడ నేనెవరో చూపించుకోవడానికి నా దగ్గర ఏమీ లేదు" అంది. అమ్మకి ఈ మాట చెప్పలేదు, చెప్తే ఆ రోజు నుంచి నిద్రపోదు. నేను ఇక్కడి నుంచి చేయగలిగింది ఏమైనా ఉందా? పాస్‌పోర్ట్‌లో పేరు ఇప్పుడు మార్పిస్తే లాభమా, ఇంకా ముడి పడుతుందా? కార్డు వచ్చేదాకా ఉద్యోగం చేయకూడదా? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

జవాబు: మియాపూర్, పదకొండేళ్లు అక్కడ ఉండి వచ్చాను

బ్రదర్, ముందు మీ చెల్లిగారికి ఒక్క మాట చెప్పండి. తన దగ్గర ఏమీ లేదన్నది నిజం కాదు. పాస్‌పోర్ట్‌లో వీసా ఉన్న పేజీ తీసి చదవమనండి. ఎయిర్‌పోర్ట్‌లో ముద్ర పడిన రోజు నుంచి ఆ వీసాయే తాత్కాలిక ఐ-551, అంటే ఏడాదిపాటు శాశ్వత నివాసానికి రుజువు అని ఆ కాగితం మీదే అచ్చేసి ఉంటుంది. గ్రీన్ కార్డు ఎంతో, ఆ ఏడాది ఆ పేజీ అంత. ఉద్యోగం మొదటి రోజు నుంచే చేయొచ్చు. కంపెనీవాళ్లు నింపే ఐ-9 ఫారానికి ముద్ర పడిన ఆ వీసా ఉన్న పాస్‌పోర్ట్ ఒక్కటి చాలు, వేరే కార్డు అక్కర్లేదు. 2025 మే 7 నుంచి దేశంలోపల విమానాలకి రియల్ ఐడీ అనే గుర్తింపు కార్డు అడుగుతున్నారు కదా, దానికీ మన పాస్‌పోర్ట్ పనికొస్తుంది. చాలామంది ఆడపిల్లలు ఈ సంగతి తెలియక నెలల తరబడి ఇంట్లో కూర్చుంటున్నారు, నాకు అదే బాధ.

ఇక ఆగినవాటి సంగతి. మూడూ వేర్వేరు దారులు, అన్నీ కలిపి ఒకే టెన్షన్‌గా చూడకండి. గ్రీన్ కార్డుకి ఫీజు కట్టిన రోజు, దేశంలో దిగిన రోజు, ఈ రెండింటిలో ఏది తర్వాతదైతే అక్కడి నుంచి 90 రోజుల దాకా పడుతుందని ఇమిగ్రేషన్ శాఖవాళ్లే చెప్తారు. మీకు తొమ్మిది వారాలంటే 63 రోజులు. దాని గురించి ఇప్పుడే కంగారు వద్దు.

సోషల్ సెక్యూరిటీ మాత్రం ఆలస్యమే. వీసాకి నింపిన డీఎస్-260 ఫారంలో రెండు ప్రశ్నలుంటాయి, నంబర్ కావాలా అని ఒకటి, మీ వివరాలు వాళ్లకి పంపడానికి ఒప్పుకుంటారా అని ఒకటి. రెండింటికీ అవును అంటేనే నంబర్ దానంతటదే వస్తుంది. ఒకదానికి కాదని పెట్టినా ఎన్నాళ్లు చూసినా రాదు. ఫారం కాపీ మీ దగ్గరుంటే ఇవాళే తీసి చూడండి, హైదరాబాద్ నుంచి మీరు చేయగలిగిన మొదటి పని అదే. అయితే రెండూ అవును అని ఉన్నా తొమ్మిది వారాలయ్యాక ఎదురుచూడటం అనవసరం. పాస్‌పోర్ట్ పట్టుకుని దగ్గర్లోని సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకి తనే వెళ్లి ఎస్‌ఎస్-5 దరఖాస్తు ఫారం ఇవ్వాలి. డబ్బు కట్టక్కర్లేదు. బావగారు ఒక పూట సెలవు పెట్టాల్సిందే, తప్పదు.

లైసెన్స్ ఆఫీసుల్లో ఇమిగ్రేషన్ హోదా సరిచూసే సేవ్ అనే సిస్టమ్‌లో చూస్తారు. మామూలుగా అక్కడికక్కడే తేలిపోతుంది, తేలకపోతే మనిషి చూడాల్సిన వరుసలోకి వెళ్తుంది, అప్పుడే వారాలు పడతాయి. దాని స్థితి ఆన్‌లైన్‌లో కేస్‌చెక్ అనే పేజీలో మనమే చూసుకోవచ్చు, లాగిన్ అక్కర్లేదు. ఏ నంబర్‌తో వెరిఫై చేశారో కూడా కనుక్కోండి. వీసా మీద ఎర్రగా ఉండేది వీసా నంబర్. కావాల్సింది రిజిస్ట్రేషన్ నంబర్ అని ఉండేది, ఇంగ్లీషు A అక్షరంతో మొదలై తొమ్మిది అంకెలుంటాయి. ఒకటి రాయాల్సిన చోట ఇంకోటి రాస్తే మనిషి దొరకదు.

జవాబు: కొండాపూర్ నుంచి

అన్నా, మీ చెల్లి మాట చదివి నా పాత రోజులు గుర్తొచ్చాయి. నేను 2017లో హెచ్-4 మీద, అంటే హెచ్-1బీ ఉద్యోగి భార్యగా వెళ్లాను. మాకైతే పని పర్మిట్ లేకుండా సోషల్ సెక్యూరిటీ నంబరే ఇవ్వరు, ఆ పర్మిట్ కూడా ఎక్కువమందికి భర్త గ్రీన్ కార్డు దారిలో ఐ-140 (కంపెనీ వేసే పిటిషన్) ఆమోదం అయితేనే వస్తుంది. నంబర్‌కి అర్హత లేదని ఆఫీసు నుంచి ఉత్తరం రాయించుకుని, ఆ ఉత్తరం చూపించి లైసెన్స్ తీసుకున్నాను, టాక్సులకి ఐటిన్ అనే వేరే నంబర్ పెట్టుకున్నాను. మీ చెల్లికి ఆ ఇబ్బంది లేదు, తనకి హక్కుగా వచ్చే నంబర్ అది. ఎవరైనా తనని ఐటిన్ పెట్టమంటే పెట్టొద్దు, నంబర్‌కి అర్హత ఉన్నవాళ్లకి అది కాదు.

ఈలోపు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. కొన్ని బ్యాంకులు పాస్‌పోర్ట్ చూసి జాయింట్ ఖాతా తెరుస్తాయి, అడిగితే పోయేదేం లేదు. ఖాతాలో తన పేరుంటే నెలనెలా వచ్చే స్టేట్‌మెంట్ అడ్రస్ రుజువుగా పనికొస్తుంది. ఇంటి అద్దె ఒప్పందంలోనూ తన పేరు చేర్పించమనండి. ఇంకోటి, చిన్న విషయంలా ఉంటుంది కానీ నాకు చాలా పెద్దది. మా ఊరి లైబ్రరీలో పాస్‌పోర్టూ అద్దె ఒప్పందమూ చూపిస్తే కార్డు ఇచ్చారు. ఆ దేశంలో నా పేరుతో వచ్చిన మొదటి కార్డు అది. నడిచి వెళ్లేంత దూరంలో ఉండేది, వారంలో నాలుగు రోజులు అక్కడే ఉండేదాన్ని, నాలాంటి వాళ్లు ముగ్గురు అక్కడే పరిచయమయ్యారు. మీ చెల్లి ల్యాబ్‌లో ఆరేళ్లు చేసిన మనిషి, ఇంట్లో గోడలు చూస్తూ కూర్చుంటే బుర్ర పాడైపోతుంది. ముందు ఆ కార్డు తీసుకోమనండి.

జవాబు: తార్నాక అమ్మమ్మ

బాబూ, అక్కడ వాళ్ల పోస్టు డబ్బా మీద నీ చెల్లెలి పేరుందా? మా అమ్మాయి వెళ్లినప్పుడు ఇదే జరిగింది. డబ్బా మీద అల్లుడి పేరు ఒక్కటే ఉంది, అమ్మాయి పేరుతో వచ్చిన కవర్లు ఈ పేరుగలవాళ్లు ఇక్కడ లేరని తిరిగి వెళ్లిపోయాయి. మనకిక్కడ పోస్ట్‌మ్యాన్ ఇల్లు తెలిసినవాడు, ఎవరి కోడలో కూడా చెప్తాడు, అక్కడ అపార్ట్‌మెంట్లలో అలా కాదు. ఒక చీటీ మీద పాస్‌పోర్ట్‌లో ఉన్న పేరు మొత్తం రాసి డబ్బా లోపల అంటించమను. వీసా మీద పేరు ఎలా పడిందో ఆ వరుసలోనూ రాయమను, కవరు మీద అలాగే వస్తుంది. పోస్టువాళ్ల దగ్గర ఇన్‌ఫార్మ్‌డ్ డెలివరీ అని ఉచితంగా ఉంటుంది, ఆ రోజు ఇంటికి వచ్చే కవర్ల ఫొటోలు పొద్దున్నే మెయిల్‌లో పంపుతారు, మీ బావ పేరు మీద పెట్టుకున్నా సరిపోతుంది. వీసా ఫారంలో ఇచ్చిన అడ్రస్, ఇప్పుడు ఉంటున్న అడ్రస్ ఒకటేనా అన్నది కూడా చూడు.

ఇంకో మాట. పాస్‌పోర్ట్ ఎవరి దగ్గరుంది? మీ బావ మంచివాడే అన్నావు, నేను కాదనను. కానీ ఎవరింట్లోనైనా సరే ఆడపిల్ల పాస్‌పోర్ట్, వీసా కాగితాలు, పెళ్లి సర్టిఫికెట్ తన చేతికి అందే చోటే ఉండాలి. కాపీలు నీ దగ్గరా ఒక సెట్ పెట్టుకో.

తిరిగి: వనస్థలిపురం అన్నయ్య

అమ్మా, మీరు అడిగిన ప్రశ్న రాత్రే బావగారిని అడిగాను. డబ్బా మీద ఆయన ఇంటిపేరు ఒక్కటే ఉందట. ఇవాళ చీటీ అంటించారు. అడ్రస్ అదే, మారలేదు. పాస్‌పోర్ట్ చెల్లి దగ్గరే ఉంది. డీఎస్-260 కాపీ నా ల్యాప్‌టాప్‌లోనే దొరికింది, రెండు ప్రశ్నలకీ అవును అనే ఉంది. కేస్‌చెక్ ఇంకా చూడలేదు, ఆ రోజు ఇచ్చిన కాగితం వెతుకుతున్నారు. పేరు సంగతి ఎవరైనా చెప్తారా?

జవాబు: సికింద్రాబాద్, మా అక్క కేసు దగ్గరుండి చూశాను

ఎఫ్‌ఎన్‌యూ అంటే ఫస్ట్ నేమ్ అన్‌నోన్, మొదటి పేరు తెలియదు అని. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు ఖాళీగా ఉంటే ఉన్న పేరు ఇంటిపేరు చోట వేసి, ఖాళీ అయిన చోట ఇది వేస్తారు. తప్పు పడినట్టు కాదు, వాళ్ల పద్ధతే అది. దీని వల్ల కార్డు ఆగదు, కానీ ఒక్కో ఆఫీసువాడు ఒక్కోలా టైపు చేస్తాడు, ఒకడు ఎఫ్‌ఎన్‌యూ అనే పేరుగా వేస్తాడు, ఒకడు వదిలేస్తాడు, అక్కడ మ్యాచ్ కాక ఆగుతుంది. అందుకే మీ చెల్లి ఏ ఫారం నింపినా వీసా మీద ఉన్నట్టే అక్షరం మార్చకుండా నింపాలి. లక్ష్మి అనే పేరుకి మెమోలో కె ఎస్ హెచ్, ఆధార్‌లో ఎక్స్ రాసే అలవాటు మనది, అక్కడ ఆ రెండూ ఇద్దరు మనుషులు.

ఇప్పుడు పాస్‌పోర్ట్ మార్పించొద్దు. మీరు ఇక్కడి నుంచి చేయలేరు, తను అక్కడి ఇండియన్ కాన్సులేట్ ద్వారా రీఇష్యూకి పెట్టుకోవాలి. పైగా ఇప్పుడు పాస్‌పోర్ట్‌లో ఒక పేరు, దారిలో ఉన్న గ్రీన్ కార్డులో ఇంకో పేరు అయితే మూడు ఆఫీసుల్లోనూ మళ్లీ మొదటికి వస్తుంది. కార్డులన్నీ వచ్చాక నిదానంగా మార్చుకోవచ్చు. అక్కడి కోర్టులో పేరు మార్పు ఆర్డర్ తీసుకుని దానితో కొత్త గ్రీన్ కార్డు ఇమ్మని ఐ-90 ఫారం పెట్టడం ఒక దారి. మా అక్క అది కూడా చేయలేదు. సిటిజన్‌ని పెళ్లి చేసుకుని కలిసి ఉంటే గ్రీన్ కార్డు హోదా వచ్చిన మూడేళ్లకి పౌరసత్వానికి పెట్టుకోవచ్చు కదా, ఆ ఫారంలోనే పేరు మార్చమని అడిగే వీలుంది, అక్క అప్పుడే సరిచేయించుకుంది. ఒకటి మాత్రం ఇప్పుడే క్యాలెండర్‌లో రాసుకోండి. పెళ్లై రెండేళ్లు నిండకముందే వెళ్లింది కాబట్టి తనకి వచ్చేది రెండేళ్ల షరతు కార్డు. అది ముగిసే ముందు 90 రోజుల్లో ఇద్దరూ కలిసి షరతు తీసేయమని ఐ-751 ఫారం పెట్టాలి. జాయింట్ ఖాతా, అద్దె ఒప్పందం అని కొండాపూర్ చెల్లెమ్మ చెప్పినవన్నీ అప్పుడు కూడా రుజువులే.

ఇంకా ఇక్కడే ఉండి, పెళ్లి కుదిరి వెళ్లబోయేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే మీ పాస్‌పోర్ట్ తీసి సర్‌నేమ్ గడి చూడండి. ఖాళీగా ఉంటే వీసా పిటిషన్ వేయకముందే పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో రీఇష్యూకి పెట్టండి. ఇక్కడ ఒకసారి తిరిగితే అయిపోతుంది, అక్కడికి వెళ్లాక ఏళ్లు పడుతుంది.

తిరిగి: వనస్థలిపురం అన్నయ్య, పదహారు రోజుల తర్వాత

అందరికీ చెప్పాలని మళ్లీ రాస్తున్నా. బావగారు సెలవు పెట్టి తనని సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకి తీసుకెళ్లారు. నంబర్ ఎప్పుడో వచ్చిందట, కార్డు పోస్టు చేసినట్టు కూడా రికార్డులో ఉందట. తార్నాక అమ్మ చెప్పినట్టే ఆ కవరు డబ్బా దాకా వచ్చి తిరిగిపోయి ఉంటుంది. మళ్లీ కార్డుకి అక్కడే పెట్టారు, చీటీ అంటించాక పన్నెండో రోజున వచ్చింది. కేస్‌చెక్‌లో చూశాక లైసెన్స్ ఆఫీసులో కనుక్కుంటే దరఖాస్తు దగ్గర ఎర్ర రంగు వీసా నంబర్ వెళ్లినట్టు తెలిసింది. A తో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబర్ ఇచ్చి మళ్లీ వెరిఫై చేయించమని కౌంటర్‌లో అడిగితే ఆ పూటే తేలింది. ఇప్పుడు ఐడీ కార్డు తీసుకుంది, డ్రైవింగ్ టెస్టు వచ్చే గురువారం.

లైబ్రరీ కార్డు మాత్రం అన్నింటికంటే ముందు వచ్చింది. దాని ఫొటో పంపింది, అమ్మకి చూపించాను, ఏం కార్డో అమ్మకి అర్థం కాలేదు గానీ పేరు ఉంది కదా అని ఫోన్ దగ్గరికి తీసుకుని చదువుకుంది. గ్రీన్ కార్డుకి 90 రోజులు నిండడానికి ఇంకా పదకొండు రోజులుంది. అప్పటికీ రాకపోతే మళ్లీ ఇక్కడే అడుగుతాను.